గ్రాంట్ చేతిలో ఉంది, పునాది ఒక్కటీ లేదు: ఒక గృహనిర్మాణ సంస్థ కేస్ స్టడీ

అమెరికాలో చిన్న ఊళ్లలో పనిచేసే నాన్‌ప్రాఫిట్ సంస్థలకు గ్రాంట్ దరఖాస్తులు, బడ్జెట్లు, రిపోర్టులు చూసిపెట్టడం నా పని. నన్ను పిలిచేవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఒకటే: డబ్బు చాలడం లేదు, ఇంకో గ్రాంట్ ఎక్కడ దొరుకుతుందో చూడండి. ఈ సంస్థ కూడా అదే చెప్పింది. తీరా పుస్తకాలు తెరిస్తే, ఖర్చు కాని గ్రాంట్ డబ్బు బోలెడంత ఉంది. సంస్థ పేరు, రాష్ట్రం, సంవత్సరాలు రాయడం లేదు. కుటుంబాల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. డాలర్ల లెక్కలు కూడా నిష్పత్తి చెడకుండా గుండ్రంగా సవరించినవే.

నేపథ్యం

మన దగ్గర ఇంటి పథకం అంటే డబ్బు విడతలవారీగా లబ్ధిదారు ఖాతాలో పడుతుంది. నేను చెప్పబోయే కార్యక్రమంలో గ్రాంట్ సంస్థకు వస్తుంది, లోన్ కుటుంబానికి వస్తుంది. ఈ తేడా అర్థమైతేనే తర్వాతి కథ అర్థమవుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, గ్రామీణ ప్రాంతాల్లో మ్యూచువల్ సెల్ఫ్-హెల్ప్ హౌసింగ్ అనే పథకం నడుపుతుంది. సాధారణంగా నాలుగు నుంచి పది కుటుంబాలు ఒక గ్రూపుగా చేరతాయి. ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోవడం కాదు, అందరూ కలిసి అందరి ఇళ్లూ కడతారు. నిర్మాణానికి కావలసిన కూలిపనిలో కనీసం 65 శాతం ఆ కుటుంబాలే చేయాలి. కరెంటు, ప్లంబింగ్ లాంటి లైసెన్స్ పనులు మాత్రం కాంట్రాక్టర్లకు ఇస్తారు. సాయంత్రాలూ శనాదివారాలూ కలిపి వారానికి 30 గంటలకు పైగా, దాదాపు ఏడాదిపాటు పని చేయాల్సి ఉంటుంది. చాలా సంస్థలు ఇంకో షరతు కూడా పెడతాయి: గ్రూపులో అన్ని ఇళ్లూ పూర్తయ్యేదాకా ఎవరూ గృహప్రవేశం చేయకూడదు.

దీని వెనక 2 రకాల డబ్బు ఉంది. మొదటిది సెక్షన్ 502 డైరెక్ట్ లోన్. ఇది కుటుంబానిది. డౌన్‌పేమెంట్ అక్కర్లేదు. గడువు మామూలుగా 33 ఏళ్లు, ఆదాయం మరీ తక్కువైతే 38 ఏళ్లు. సబ్సిడీతో వడ్డీ భారం 1 శాతం దాకా దిగవచ్చు. స్థలం, సిమెంటు, కలప, కాంట్రాక్టర్ల బిల్లులు అన్నీ ఈ లోన్‌లోంచే. రెండోది సెక్షన్ 523 గ్రాంట్. ఇది సంస్థది. కుటుంబాలను వెతికి చేర్చే మనిషి, లోన్ కాగితాలు తయారుచేసే మనిషి, సైట్‌లో నిలబడి పని నేర్పే సూపర్‌వైజర్, ఆఫీసు, పనిముట్లు, వీటికి మాత్రమే. ఈ డబ్బుతో స్థలం కొనకూడదు, మెటీరియల్ కొనకూడదు, కూలీలను పెట్టుకోకూడదు. గడువు 24 నెలలు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1960ల్లో కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో, గోషెన్ అనే చోట, పొలాల్లో పనిచేసే కూలీ కుటుంబాలతో క్వేకర్లు అనే క్రైస్తవ వర్గం వాళ్ల సేవాసంస్థ ఒకటి ఈ పద్ధతిని నడిపి చూసింది. అందులోంచి 1965లో సెల్ఫ్-హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ పుట్టింది. 1968 నాటి గృహనిర్మాణ చట్టంతో సెక్షన్ 523 వచ్చింది. ఇప్పటికి దేశమంతా ఈ దారిలో 50,000కు పైగా ఇళ్లు లేచాయి. అంటే పద్ధతి పనిచేస్తుందా అన్న అనుమానం మా కేసులో ఎప్పుడూ లేదు. ఈ సంస్థ చేతిలో ఎందుకు పనిచేయడం లేదన్నదే ప్రశ్న.

సంస్థ విషయానికొస్తే, వయసు మళ్లినవాళ్ల పాత ఇళ్లకు మరమ్మతులు చేయించడంలో దానికి మంచి పేరుంది. కప్పు కారితే, మెట్లు విరిగితే, వీల్‌చెయిర్‌కు ర్యాంప్ కావాలంటే జనం వీళ్ల దగ్గరికే వెళ్తారు. ఆ ప్రాంతంలో పళ్ల ప్యాకింగ్ షెడ్లలో పనిచేసే కుటుంబాలు పాత ట్రెయిలర్ ఇళ్లకు అద్దెలు కట్టలేక నలుగుతుంటే, కొత్త ఇళ్లు కట్టిద్దామని బోర్డు నిర్ణయించింది. మరమ్మతుల్లో పని చిన్నది, డబ్బు ఒక చోటి నుంచి వస్తుంది, నెలలో ముగుస్తుంది. కొత్త ఇళ్ల పని అలా ఉండదని వాళ్లకు తెలియదనను. తెలుసు, కానీ ఆఫీసు అలవాట్లు మాత్రం మరమ్మతుల నాటివే.

నా దగ్గరికి వచ్చిన సమస్య

సంస్థ 24 నెలల్లో 16 ఇళ్లు కట్టిస్తామని రాసి 523 గ్రాంట్ తెచ్చుకుంది. ఎనిమిదేసి కుటుంబాల చొప్పున రెండు గ్రూపులు. నన్ను పిలిచేసరికి 9 నెలలు గడిచాయి. ఒక్క లోన్ క్లోజ్ కాలేదు (అక్కడ లోన్ క్లోజింగ్ అంటే అప్పు తీరడం కాదు, పత్రాల మీద సంతకాలై లోన్ ఖాయమవడం), ఒక్క పునాదీ తవ్వలేదు. మూడు నెలలకోసారి జరిగే సమీక్షలో యూఎస్‌డీఏ అధికారి, లక్ష్యానికి చాలా దూరంలో ఉన్నారని రాతపూర్వకంగా హెచ్చరించారు. ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఫోన్‌లో చెప్పింది ఇది: స్థలం అభివృద్ధికి డబ్బు లేదు, అందుకే అన్నీ ఆగిపోయాయి, దాతృత్వ ఫౌండేషన్ల నుంచి మరో గ్రాంట్ రాయించిపెట్టండి.

దరఖాస్తు రాయడానికి ముందు నేను లెక్క వేసి చూడాలన్నాను. ఆ లెక్క ఇక్కడ చూపిస్తాను, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

523 గ్రాంట్ ఎంత ఇవ్వాలో తేల్చే కొలమానాల్లో ప్రధానమైనది, ఆ ప్రాంతంలో సాదాసీదా ఇంటి విలువలో 15 శాతం. ఇల్లు 2,40,000 డాలర్లయితే ఇంటికి 36,000. పదహారు ఇళ్లకు 5,76,000. అందులో 9 నెలల్లో ఖర్చయింది 1,44,000. పావు వంతే కదా అనిపిస్తుంది. డైరెక్టర్ కూడా ఇంకా ముప్పావు వంతు భద్రంగా ఉందనే అనుకుంటున్నారు. కానీ ప్రభుత్వం చూసేది ఎంత మిగిలిందని కాదు, ఇంటికి ఎంత పడిందని. సగం కట్టిన ఇల్లు సగం యూనిట్‌గా, పూర్తయిన ఇల్లు ఒక యూనిట్‌గా లెక్కగట్టి, మొత్తం ఖర్చును ఆ యూనిట్లతో భాగిస్తారు. వీళ్ల దగ్గర ఖర్చు నాలుగు ఇళ్లది, యూనిట్లు సున్నా. పైగా జీతాలు నెలనెలా పోతూనే ఉన్నాయి. అంటే ప్రతి నెలా, ఇంకా కట్టని ఇళ్ల ధర పెరుగుతోంది.

జీతాల జాబితా చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఇద్దరు సైట్ సూపర్‌వైజర్లను పెట్టుకున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సైట్ లేకుండానే సూపర్‌వైజర్లు. వాళ్లలో ఒకాయన చేయడానికి పనిలేక మరమ్మతుల ప్రోగ్రాంలో సాయం చేస్తున్నారు, జీతం మాత్రం 523 ఖాతాలోంచి. ఇది చిన్న విషయం కాదు. ఫెడరల్ గ్రాంట్‌లో ఏ పనికి పెట్టిన గంటలు ఆ పని ఖాతాకే రాయాలి. ముందు ఆ గంటలు విడదీసి, మరమ్మతుల పనికి పోయిన జీతాన్ని సంస్థ సొంత నిధుల్లోంచి సర్దించాం. అడిగేదాకా ఆగకుండా అధికారికి మేమే రాశాం. ఏదో ఒకనాడు ఆడిటర్ పట్టుకుని తీరతాడు, అప్పుడు సంజాయిషీ ఇవ్వడం కంటే ఇప్పుడే చెప్పడం మేలనుకున్నాం. ఈ సర్దుబాటు తర్వాత అంకెలు కాస్త మారాయి కానీ, కథ మారేంతగా కాదు.

అప్పటికే ప్రయత్నించినవి

మొదటిది, స్థలం. ఊరి అంచున కొన్ని ఎకరాల ఖాళీ భూమికి ఆప్షన్, అంటే ఫలానా గడువులోగా ఫలానా ధరకు కొనే హక్కు, రాయించుకున్నారు. ధర చవక. దరఖాస్తులో ఇదే చూపించారు. కానీ ఆ భూమికి రోడ్డు లేదు, మురుగు లైను లేదు, ప్లాట్లుగా విడగొట్టడానికి కౌంటీ, అంటే మన జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం, అనుమతి లేదు. ఫెడరల్ డబ్బు తగులుతుంది కాబట్టి పర్యావరణ సమీక్ష తప్పదు. ఒక మూల వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. ఇవన్నీ తేలాలంటే ఏడాదిన్నర మామూలు విషయం. గ్రాంట్ గడియారం మాత్రం ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే మొదలైంది.

రెండోది, ఫౌండేషన్లకు ఉత్తరాలు. కొందరు మంచిగానే స్పందించారు. ఒకరు స్థలం మీ పేరున ఉందా అని అడిగారు, ఇంకొకరు కుటుంబాల లోన్లు మంజూరయ్యాయా అన్నారు. లోన్ ఆఫీసర్‌ను అడిగితే, ఏ ప్లాటో తెలియకుండా అప్రైజల్ (విలువ అంచనా) ఎలా చేయిస్తామన్నారు. ప్రతి తలుపూ పక్క తలుపు వైపు చూపించింది. అన్నీ న్యాయమైన ప్రశ్నలే, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

మూడోది, కుటుంబాలు. చర్చి హాల్లో పెద్ద మీటింగ్ పెడితే జనం కిక్కిరిసి వచ్చారు. ఆ ఉత్సాహంలో కనబడ్డ ప్రతివాళ్ల పేరూ రాసుకున్నారు. తర్వాత వడపోత మొదలైంది. కొందరికి ఆదాయం పరిమితి దాటింది. స్థానిక మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉంటేనే అర్హత. కొందరికి ఆదాయం నెలనెలా స్థిరంగా లేదు. ఇమిగ్రేషన్ హోదా వల్ల కొన్ని కుటుంబాలు మొదట్లోనే ఆగిపోయాయి. కట్టని ఆసుపత్రి బిల్లు వసూలు ఏజెన్సీ చేతికి వెళ్లి క్రెడిట్ దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ. మిగిలిన కొద్దిమందికి అర్హత పత్రాలు వచ్చాయి. స్థలం తేలేలోపు వాటి గడువు తీరిపోయింది. మళ్లీ జీతం చీటీలు, మళ్లీ బ్యాంకు స్టేట్‌మెంట్లు. రెండోసారి కాగితాలు అడిగేసరికి రెండు కుటుంబాలు విసుగెత్తి వెళ్లిపోయాయి.

నాలుగో ఆలోచన బోర్డులో ఒక సభ్యుడిది. ఆయన స్వయంగా బిల్డర్. ఫ్రేమింగ్, అంటే గోడల కలప చట్రం నిలబెట్టే పని, కాంట్రాక్ట్‌కు ఇచ్చేస్తే వారాల్లో గోడలు లేస్తాయి, సమీక్షలో యూనిట్లు కనిపిస్తాయి కదా అన్నారు. దీని మీద గంటసేపు చర్చ జరిగింది, నేను గట్టిగా వద్దన్నాను. గ్రాంట్ డబ్బుతో కూలి ఇవ్వకూడదన్న నిబంధన ఒక్కటే కారణం కాదు. లోన్ డబ్బుతో ఇస్తే? అప్పుడు కుటుంబం అప్పు పెరుగుతుంది. ఈ పథకంలో కుటుంబానికి మిగిలేది తమ శ్రమ విలువే. ఇల్లు పూర్తయిన రోజున ఇంటి ధరకూ అప్పుకూ మధ్య ఉండే తేడా అక్కడి నుంచే వస్తుంది. ఫ్రేమింగ్ బయటికిస్తే 65 శాతం ఎలాగూ నిలవదు, నిలిచినా కుటుంబం ఏడాది కష్టపడి మామూలు అప్పుతో బయటపడుతుంది. సంస్థ రిపోర్టు అందంగా కనిపించడం కోసం ఆ బరువు వాళ్ల నెత్తిన పెట్టలేం. ఆయన నిబంధనకు లొంగలేదు కానీ, ఈ లెక్కకు ఒప్పుకున్నారు.

ఏం చేయాలన్న నిర్ణయం

మా ముందు మూడు దారులున్నాయి. గ్రాంట్ వెనక్కి ఇచ్చేయడం, 16 ఇళ్ల లక్ష్యం అలాగే ఉంచి గడువు పొడిగించమని అడగడం, లక్ష్యం తగ్గించి బడ్జెట్ కోసుకోవడం.

వెనక్కి ఇవ్వడం గురించి బోర్డు అధ్యక్షురాలు నిజంగానే ఆలోచించారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. ఈ వ్యవహారం చెడితే మరమ్మతుల ప్రోగ్రాంకు వచ్చే ఫెడరల్ డబ్బు మీద కూడా మచ్చ పడుతుంది. పొడిగింపు అడగడం పైకి తేలిక. కానీ చేసింది సున్నా అయినప్పుడు, ఇంకో ఏడాది ఇస్తే 16 కడతాం అన్న మాటను అధికారి నమ్మడానికి ఆధారం ఏముంది? జీతాల మీటరు తిరుగుతూ ఉంటే ఇంటి ఖర్చు పరిమితి దాటడం ఖాయం. అందుకని మూడోదారి పట్టాం, తర్వాతి సమీక్ష దాకా ఆగకుండా ముందే వెళ్లి అధికారిని కలవాలని నిర్ణయించాం.

కొత్త ప్రతిపాదన 11 యూనిట్లు. ఏడు కుటుంబాల గ్రూపు పూర్తిగా, ఆరు కుటుంబాల రెండో గ్రూపు మూడింట రెండు వంతులు. పదకొండుకు 36,000 చొప్పున 3,96,000. అయిపోయిన 1,44,000 తీసేస్తే మిగిలిన 15 నెలలకు 2,52,000, అంటే నెలకు 16,800. ఈ అంకె ముందు పెట్టుకుని ఎవరిని ఉంచగలం అని చూశాం. ఒక సూపర్‌వైజర్, కుటుంబాలనూ లోన్ కాగితాలనూ చూసే ఒక మనిషి, అకౌంటెంట్ జీతంలో కొంత భాగం. రెండో సూపర్‌వైజర్‌ను వదులుకోవాల్సి వచ్చింది. ఆయన పనిమంతుడే. డైరెక్టర్‌కు ఆ వారమంతా టెన్షనే.

లక్ష్యం మనమే తగ్గించుకుంటే చేతగానితనం ఒప్పుకున్నట్టు కాదా అని బోర్డులో ఒకరు అడిగారు. అధికారి బల్లకు అటువైపు నుంచి చూడమన్నాను. ఆయన పై ఆఫీసుకు రాయాల్సింది ఒక్క పేజీ. అందులో అంకెలు కలిస్తే ఆయన మన తరఫున మాట్లాడగలరు, కలవకపోతే ఎంత మంచివారైనా మాట్లాడలేరు. ఆ సమావేశంలో మేం ఇచ్చింది కూడా ఒక్క పేజీయే: పాత అంకె, కొత్త అంకె, ఏ ప్లాటు ఎప్పుడు, ఏ కుటుంబం ఎంతవరకు వచ్చింది. కారణాల వ్యాసం రాయలేదు.

పనిచేసినవి

స్థలం ముడి విప్పింది డబ్బు కాదు. ఊళ్లో సగంలో ఆగిపోయిన ఒక వెంచర్ ఉంది. రోడ్లు వేసి, నీళ్లూ డ్రైనేజీ లైన్లు వేసి, కొన్ని ఇళ్లు అమ్ముడయ్యాక యజమాని చేతులెత్తేశాడు. అక్కడ ప్లాటు ధర, ఆప్షన్ భూమిలో సంస్థ వేసుకున్న అంచనా కంటే చాలా ఎక్కువ. అందుకే మొదట్లో ఎవరూ అటు చూడలేదు. నా వాదన ఇది: ఖాళీ భూమి చవక అనుకుంటున్నది రోడ్డు, డ్రైనేజీ, ఇంజినీరు ఫీజులు, ఏడాదిన్నర జీతాలు కలపకముందు. కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. ఇంకా ముఖ్యమైనది, సిద్ధంగా ఉన్న ప్లాటును సంస్థ కొనక్కర్లేదు. లోన్ క్లోజింగ్ రోజునే ప్రతి కుటుంబం తన 502 లోన్‌లోంచి నేరుగా కొనుక్కోవచ్చు. సంస్థ చేయాల్సింది యజమానితో ఒప్పందం ఒక్కటే: పదమూడు ప్లాట్లు మా కోసం ఆపండి, కుటుంబాలు ఒక్కొక్కరే వచ్చి కొంటారు. ఆయనకు కావాల్సింది కొనేవాళ్లు, మాకు కావాల్సింది గడువు. చిన్న అడ్వాన్సుతో సరిపోయింది.

ప్లాటు ఖరీదు పెరిగితే ఇంటి మీద తగ్గించాలి, లేకపోతే లోన్ పరిమితి దాటుతుంది. డ్రాయింగ్‌లోంచి గ్యారేజీ తీసేశారు. కప్పు మలుపులు తగ్గించి నేరుగా రెండు వాలుల కప్పు పెట్టారు. ఇది అప్పు తగ్గించడమే కాదు, పని రాని చేతులకు కూడా తేలికైంది.

మరి పాత ఖాళీ భూమి? దాన్ని వదిలేయకుండా వేరే డబ్బుకు కట్టాం. హడ్, అంటే అమెరికా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ, నడిపే స్వయంసహాయ గృహ యాజమాన్య కార్యక్రమం ఒకటి ఉంది, షాప్ అని పిలుస్తారు, 1996 చట్టంతో వచ్చింది. 523 దేనికి పనికిరాదో సరిగ్గా దానికే ఇది పనికొస్తుంది: స్థలం కొనడానికి, రోడ్డు, నీళ్లు, డ్రైనేజీకి. స్థానిక సంస్థ నేరుగా అడగలేదు, హౌసింగ్ అసిస్టెన్స్ కౌన్సిల్ లాంటి జాతీయ సంస్థ ద్వారా వెళ్లాలి. ఆ డబ్బు తర్వాతి గ్రాంట్‌లో కట్టబోయే ఇళ్ల కోసం అడిగాం, ఈ 24 నెలలతో ముడిపెట్టలేదు. ఒక్కో డబ్బుకు ఒక్కో పని, ఒక్కో గడువు ఉంటాయి. వాటిని ఒకే షెడ్యూల్‌లో ఇరికించడం వల్లే ఈ సంస్థ చిక్కుల్లో పడింది.

కుటుంబాల వైపు మార్పు ఇంకా సాదాది. పెద్ద మీటింగులు మానేశారు. ముందు చిన్న ప్రశ్నావళి, క్రెడిట్ రిపోర్టు, ఆదాయం కాగితాలు. వీటి ఆధారంగా మూడు జాబితాలు: ఇప్పుడే సిద్ధం, కొన్ని నెలల్లో సిద్ధం, ఏడాది పట్టేవాళ్లు. ఏడాది పట్టేవాళ్లకు ఏ బిల్లు ముందు తీర్చాలో రాసిచ్చి పంపారు. అబద్ధపు ఆశ పెట్టకుండా ఇలా చెప్పినందుకు కొందరు కోపగించుకుని వెళ్లిపోయారు, వాళ్లలో కొందరు మళ్లీ వచ్చారు. పూర్తి దరఖాస్తు మాత్రం, ప్లాటు ఒప్పందం సంతకమయ్యాకే పెట్టించారు, పత్రాల గడువు వృథా కాకుండా.

గ్రూపు ఎనిమిది కాకుండా ఏడు ఎందుకని అడుగుతారు. సిద్ధంగా ఉన్న కుటుంబాలు ఎనిమిది. ఎనిమిదో కుటుంబాన్ని ప్రత్యామ్నాయంగా ఉంచాం, రెండో గ్రూపులో చోటు ఖాయమని చెప్పి. క్లోజింగ్‌కు ముందు ఒక ఇంటాయన ఉద్యోగం పోయింది. ప్రత్యామ్నాయ కుటుంబం లేకపోతే ఆ ప్లాటు ఆగిపోయి, దాని వెనక గ్రూపు మొత్తం ఆగేది. ఉద్యోగం పోయిన కుటుంబం కొత్త పని దొరికి, తిరిగి అర్హత వచ్చాక రెండో గ్రూపులో చేరింది.

సైట్‌లో

ఆఫీసు లెక్కలు సైట్‌లో ఎలా నిలబడ్డాయో చెప్పకపోతే ఈ కేసు సగమే. శనివారం పొద్దున సైట్‌కు వెళ్తే మొదట కనిపించేది ప్లైవుడ్ ముక్క మీద అంటించిన గంటల పట్టిక. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరి ఇంటి దగ్గర ఏ పని చేశారు, సంతకం. కొత్తలో దీన్ని అందరూ విసుక్కున్నారు. 65 శాతం రుజువు చేసే కాగితం అదొక్కటే, సమీక్షలో అధికారి మొదట అడిగేదీ అదే.

గోడల ఫ్రేమ్ మొదలైన వారం, ప్యాకింగ్ షెడ్‌లో రాత్రి షిఫ్టు చేసే ఒకావిడ కలప కుప్ప దగ్గర నిలబడి ఒక్కో స్టడ్‌ను (గోడ చట్రంలో నిలువుగా పెట్టే కర్రను) కంటి ముందు పెట్టుకుని తుపాకీ గురి చూసినట్టు చూస్తోంది. ప్రతి కర్రకూ కాస్త వంపు ఉంటుంది. ఉబ్బు ఏ వైపు ఉందో కనిపెట్టి, ఆ వైపు పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టి పక్కన పేరుస్తోంది. బాణాలన్నీ ఒకే దిక్కుకు తిరిగేలా నిలబెడితే గోడ ఒక తీరుగా వస్తుంది. లేకపోతే ఒకటి ఇటు ఒకటి అటు ఉబ్బి, తర్వాత వేసే బోర్డు అలల్లా కనిపిస్తుంది. వంపు మరీ ఎక్కువున్నవి వేరే పడేస్తే, సూపర్‌వైజర్ వాటిని పొట్టి ముక్కలుగా కోయించి అడ్డదూలాలకు వాడుతున్నారు. ఆ ఉదయం ఆవిడ పని చేసింది పక్కింటి గోడకు. ఆవిడ సొంత ఇంటి పునాది మీద ఇంకా ఏమీ లేవలేదు.

గ్రాంట్ డబ్బు దేనికి పోతుందని నన్నెవరైనా అడిగితే ఇది చెబుతాను. ఆ బాణం గుర్తు పెట్టడం నేర్పిన మనిషి జీతం. అందుకే బడ్జెట్ కోసినప్పుడు ఆయన జీతం తగ్గించడానికి ఒప్పుకోలేదు. మంచి ఫ్రేమింగ్ మేస్త్రీ బయట బిల్డర్ దగ్గర ఎక్కువే సంపాదిస్తాడు. శనాదివారాలు పనిచేస్తూ, సుత్తి ఎన్నడూ పట్టనివాళ్లకు విసుక్కోకుండా నేర్పేవాడు దొరకడం ఇంకా కష్టం. తగ్గించదగ్గవి వేరే ఉన్నాయి: ఆఫీసు అద్దె, వాహనం లీజు, ఎవరూ చదవని రంగుల బ్రోచర్.

గంటలు ఎగ్గొట్టిన కుటుంబం లేకపోలేదు. ఒకరు మూడు వారాంతాలు రాలేదు. ఒప్పందం ప్రకారం నోటీసు ఇవ్వవచ్చు. సూపర్‌వైజర్ ముందు ఇంటికి వెళ్లి మాట్లాడితే, చంటిబిడ్డను చూసేవాళ్లు లేక భార్యాభర్తల్లో ఒక్కరే రాగలుగుతున్నారని తెలిసింది. పిల్లల్ని సైట్‌లోకి రానివ్వరు, అది భద్రత నిబంధన. గ్రూపు మీటింగులో ఆ విషయం పెడితే, ఇంకో కుటుంబంలోని అమ్మమ్మ పిల్లలందర్నీ తన దగ్గర ఉంచుకుంటానంది. ఆ గంటలను నిర్మాణ గంటలుగా రాయలేం. ఆవిడ కుటుంబానికి నష్టం లేకుండా, మిగతావాళ్లు తలా కొంచెం ఎక్కువ పని పంచుకున్నారు. ఇలాంటి సర్దుబాటు ఏ దరఖాస్తులోనూ రాయలేం, గ్రూపు నిలబడేది మాత్రం దీనివల్లే.

ఫలితం

మొదటి గ్రూపులో ఏడు ఇళ్లూ పూర్తయ్యాయి, అనుకున్నదాని కంటే కాస్త ఆలస్యంగా. రెండో గ్రూపు చలికాలంలో పునాదుల దగ్గర వెనకబడింది. గ్రాంట్ ముగిసేనాటికి మొత్తం 11 యూనిట్లు కాలేదు, పదికి కొంచెం పైన ఆగింది. అయినా ఇంటి ఖర్చు పరిమితి దాటలేదు, ఎందుకంటే రెండో గ్రూపు మందగించిన నెలల్లో ఖర్చును కూడా మందగింపజేశారు, వాడని డబ్బు వదులుకున్నారు. డబ్బు మిగిల్చి వదులుకోవడం మీద బోర్డులో గొణుగుడు వినిపించింది. తర్వాతి దరఖాస్తులో అధికారి గుర్తుపెట్టుకున్నది దాన్నే.

రెండో గ్రాంట్ వచ్చింది, ఈసారి చిన్న లక్ష్యంతో. కానీ మొదటిది ముగిసి రెండోది మొదలయ్యేలోపు ఖాళీ వచ్చింది. సగం కట్టిన ఆరు ఇళ్ల దగ్గర సూపర్‌వైజర్ లేకుండా కుటుంబాలను వదలలేం, పైగా ఆయన జీతం ఆగితే ఆయన వెళ్లిపోతారు. సంస్థ నిల్వ నిధిలోంచి ఆ జీతం ఇచ్చారు. ఇలాంటి ఖాళీ వస్తుందని లక్ష్యం తగ్గించిన రోజే చెప్పి, మూడు నెలల జీతం పక్కన పెట్టించాను. ఈ పని చేసే ఏ సంస్థకైనా ఇదే చెబుతున్నాను: రెండు గ్రాంట్ల మధ్య ఖాళీని అనుకోని ప్రమాదంగా కాదు, మామూలు ఖర్చుగా బడ్జెట్‌లో రాసుకోండి.

కొత్తగా ఈ రంగంలోకి రావాలనుకునే సంస్థలు నన్ను అడిగితే, 523 పూర్తి దరఖాస్తు కంటే ముందు ప్రీడెవలప్‌మెంట్ గ్రాంట్ అడగమంటున్నాను. గరిష్ఠంగా 10,000 డాలర్లు, చిన్న మొత్తమే. కానీ ప్లాట్లు ఎక్కడున్నాయి, అర్హత ఉన్న కుటుంబాలు నిజంగా ఎన్ని, ఇంటి అంచనా ఎంత అన్నవి, 24 నెలల గడియారం మొదలవకముందే తేల్చుకోవడానికి ఆ డబ్బు సరిపోతుంది. ఈ సంస్థ అది అవసరం లేదనుకుని నేరుగా పెద్ద గ్రాంట్‌కు వెళ్లింది. మరమ్మతుల్లో ఇరవయ్యేళ్ల అనుభవం ఉండటం వల్ల అలా అనుకోవడం సహజమే.

ఒక విషయంలో నాకూ డైరెక్టర్‌కూ ఇప్పటికీ కుదరలేదు. ఆవిడ రెండో సూపర్‌వైజర్‌ను మళ్లీ తీసుకోవాలంటారు, రెండు గ్రూపులు ఒకేసారి నడిస్తే ఒక్క మనిషి ఎక్కడని ఉంటాడు అని. ఆవిడ మాటలో నిజముంది. ఒకే వెంచర్‌లో పక్కపక్క వీధులు కాబట్టి ఈసారి గడిచింది, ఖాళీ భూమిలో ఇళ్లు మొదలైతే గడవదు. మొదటి గ్రూపులో బాగా పని నేర్చుకున్న ఒకాయనను పార్ట్‌టైమ్ సహాయకుడిగా పెట్టి చూడమన్నాను. ఖాళీ భూమికి డ్రైనేజీ అనుమతి ఇంకా కౌంటీ ఇంజినీరు దగ్గరే ఉంది. అది వచ్చేదాకా ఎవరినీ కొత్తగా తీసుకోకూడదని మాత్రం బోర్డు తీర్మానం చేసింది.